గదభీ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు కావ్యాలకు తాను రాసిన వ్యాఖ్యకు మల్లినాథసూరి ‘సంజీవని’ అని పేరు పెట్టుకొన్నాడు. ఎందుకో ఆయనే చెప్పాడు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తలకెక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందట, దాన్ని లేపడానికి ఇది మందట. వ్యాఖ్యానం విషమూ కాగలదు, విరుగుడూ కాగలదు అని వందల ఏళ్ల కిందటే గ్రహించిన ఈ మహానుభావుడి ఊరు మెదక్ దగ్గరి కొల్చారం. అదే పాత మెదక్ జిల్లాలో, దక్షిణపు కొసన, పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలలో మన కాలంలో మందుల ఫ్యాక్టరీలు లేచాయి. మందులు బాగానే తయారవుతున్నాయి. ఆ ఫ్యాక్టరీల షేర్లు కొన్నవాళ్ల నడుమ మాత్రం సూరిగారు చెప్పిన పాత విషమే పారుతోంది.

ఇక్కడ వ్యాఖ్యానించబోయే గద్యం ఒక మందుల కంపెనీ స్టాక్ ఎక్స్ఛేంజీలకు పంపినది. ఏ కంపెనీ అని అడగవద్దు. ఈ జాతి గద్యానికి కర్త ఒకడని ఉండడు. రుతువుకొకసారి పుడుతుంది. ఏ కంపెనీ పేరు తగిలించినా అతుకుతుంది. ఇది వెలువడిన సాయంత్రం మా కాలనీ పార్కులో సభ తీరుతుంది. అధ్యక్షులు బ్యాంకులో పదవీ విరమణ చేసిన మేనేజరు గారు. పూర్వపక్షం మా మేనల్లుడు, సాఫ్ట్‌వేరు. ఇంకా నలుగురైదుగురు శ్రోతలు. పక్క బెంచీ మీద, సభలో ఉన్నట్టో లేనట్టో తెలియకుండా, బాలానగర్ ఐడీపీఎల్‌లో ఒకప్పుడు కెమిస్టుగా పనిచేసిన పెద్దాయన. అందరికీ ఆ కంపెనీ షేర్లున్నాయి. అందరూ కొన్న ధర కన్నా కిందే ఉన్నారు. ఆ విషయం తప్ప మిగతావన్నీ మాట్లాడతారు.

నన్ను కదిలించింది వాళ్ల నష్టం కాదు, వాళ్ల మాట. “ఈసారి సీఎఫ్‌వో గొంతులో కన్విక్షన్ కనిపించింది సార్” అంటాడొకడు. గొంతులో కనిపించడమేమిటి? “పోయినసారి ‘ప్రయత్నిస్తాం’ అన్నారు, ఈసారి ‘కట్టుబడి ఉన్నాం’ అన్నారు, గమనించారా?” అంటాడు ఇంకొకడు, వేదంలో స్వరభేదం పట్టుకొన్నంత గంభీరంగా. టర్న్‌అరౌండు, ట్రిగ్గరు, వాల్యూ అన్‌లాకింగు అనే మంత్రాలు అంగన్యాస కరన్యాసాలతో సహా నడుస్తాయి. ఇంత వ్యాఖ్యానం ఎలాగూ జరుగుతున్నప్పుడు, అదేదో శాస్త్రోక్తంగా జరిగితే మేలు కదా అనిపించింది.

మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ మల్లినాథుడు రెండు మాటలిచ్చి పని మొదలుపెట్టాడు. మొదటి మాట నేనూ ఇస్తున్నాను. రెండోది ఇవ్వలేను.

మూలం

“మా కర్మాగారమున తనిఖీ ముగిసినది. కొన్ని పరిశీలనలు జారీ చేయబడినవి. అవి విధానపరమైనవే. నిర్ణీత గడువులో సమగ్రముగా స్పందింపగలము. సమీప కాలమున ఒడుదొడుకులున్నను, వాటాదారులకు దీర్ఘకాలిక విలువను సృష్టించుటకు యాజమాన్యము కట్టుబడియున్నది.”

ప్రతిపదార్థం

మా = మా యొక్క; కర్మాగారమున = కర్మాగారమునందు; తనిఖీ = తనిఖీ; ముగిసినది = ముగిసినది; కొన్ని = కొన్ని. ఇంతవరకు సుగమం.

‘పరిశీలనలు’ దగ్గర దారి ఇరుకవుతుంది. అమెరికాకు మందు పంపే ఫ్యాక్టరీని, అది జడ్చర్లలో ఉన్నా సరే, అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు వచ్చి తనిఖీ చేస్తారు. చివరి రోజున, తమ కంటబడిన లోపాలను వరసగా రాసి యాజమాన్యం చేతికిచ్చి పోతారు. ఆ కాగితం పేరు ఫారం 483. దానికి పదిహేను పనిదినాల్లో జవాబు పంపాలి. జవాబు చాలకపోతే హెచ్చరిక లేఖ వస్తుంది. అదీ ముదిరితే దిగుమతుల మీద అడ్డు పడుతుంది. దాని సంఖ్య 66-40. అది పడ్డాక ఆ ఫ్యాక్టరీ సరుకును రేవులో పెట్టె విప్పకుండానే ఆపేస్తారు. కనుక పరిశీలనలంటే ఎవరో తీరిగ్గా వచ్చి పచ్చిక బయళ్లను పరిశీలించి పోయినట్టు కాదు.

ఈ 483 అనే సంఖ్యను సభలో అందరూ ‘ఫోర్ ఎయిటీ త్రీ’ అంటారు. ఇంగ్లీషులో అంటే భయం కొంచెం తగ్గుతుంది కాబోలు. కానీ శాస్త్రం చదివినవాడు సంఖ్యను సంఖ్యగా వదిలిపెట్టకూడదు. మనకు కటపయాది ఉంది. క మొదలు, ట మొదలు, ప మొదలు, య మొదలు అక్షరాలను ఒకటి నుంచి లెక్కపెట్టడం, వచ్చిన అంకెలను కుడి నుంచి ఎడమకు చదవడం. సంగీతం నేర్చుకొన్నవారికి ఇది కొట్టినపిండి. ధీరశంకరాభరణంలో ధీ తొమ్మిది, ర రెండు. తిరగవేస్తే 29, అది ఇరవై తొమ్మిదో మేళకర్త. మేచకల్యాణిలో మే ఐదు, చ ఆరు, తిరగవేస్తే 65. అచ్చులకు విలువ లేదు, ఏ గుణింతమైనా చెల్లుతుంది.

ఇప్పుడు 483ను తిరగవేయండి. మూడు, ఎనిమిది, నాలుగు. మూడుకు గ. ఎనిమిదికి ద. నాలుగుకు భ. గుణింతం మన ఇష్టం కనుక: గదభీ. గదమంటే రోగం. విషాలకు విరుగుడు చెప్పే ఆయుర్వేద భాగాన్ని అగదతంత్రం అనడం అందుకే. భీ అంటే భయం. గదభీ అంటే రోగభయం! అమెరికాలో ఏ గుమాస్తానో ఫారాలకు వరసగా అంకెలు వేసుకుంటూ పోతే, ఆ అంకెలోంచి రోగభయం తొంగిచూసింది. ఈ వ్యాఖ్యకు ఆ పేరే ఖాయం చేశాను.

ఇక్కడితో ఆగవచ్చు. ఆగలేను, ఎందుకంటే పాఠాంతరం ఉంది. సంయుక్తాక్షరం వచ్చినప్పుడు అందులోని చివరి హల్లుకే లెక్క అని కటపయాదిలో ఇంకో నియమం. ఆ ప్రకారం గర్దభీ అన్న పదం చూడండి. గ మూడు. ర్ద లో ర లెక్కలోకి రాదు, ద ఎనిమిది. భీ నాలుగు. మళ్లీ 483. గర్దభి అంటే ఆడగాడిద.

ఈ రెండు పాఠాల్లో ఏది గ్రాహ్యం? అది చదివేవాడిని బట్టి ఉంటుంది. మందు మింగేవాడు చదివితే గదభీ. షేరు కొన్నవాడు చదివితే గర్దభీ. రెండో పాఠానికి వైద్యశాస్త్రంలోనే ప్రమాణం దొరుకుతుంది. గ్రంథాలు వల్లించి అర్థం తెలియనివాణ్ణి సుశ్రుతుడు గంధపుచెక్కలు మోసే గాడిదతో పోల్చాడు. దానికి బరువు తెలుస్తుంది, పరిమళం తెలియదు. మా మేనేజరు గారు వార్షిక నివేదిక అచ్చు ప్రతి తెప్పించుకొంటారు. మూడు వందల పేజీలకు పైనే. పార్కుకు తెస్తారు. బెంచీ మీద పెడతారు. తిరిగి తీసుకుపోతారు. ఆయన పట్ల నాకు గౌరవమే. సుశ్రుతుడి మాట మాత్రం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

66-40 మీద కూడా కొంత శ్రమపడ్డాను. సున్నాకు న, నాలుగుకు భ, ఆరుకు త లేదా చ... ఏమీ కుదరలేదు. కుదిరి ఉంటే ఇంకో పేజీ అయ్యేది.

ఎక్కడున్నాం? ‘జారీ చేయబడినవి’ దగ్గర. ఇది కర్మణి ప్రయోగం. తెలుగుకు సహజం కాకపోయినా కార్యాలయాలకు ప్రాణం. దీని గొప్పతనమంతా కర్తను మాయం చెయ్యడంలో ఉంది. ఎవరు జారీ చేశారు? ఎవరి నిర్వాకానికి జారీ చేశారు? ఆ పని చేసినవాడు, చేయించినవాడు, చూసీ చూడనట్టు పోయినవాడు ఎవరు? వాక్యంలో మనుషులెవరూ లేరు. లాభాలు పెరిగిన ఏడాది ఇదే కంపెనీ గద్యంలో అంతా కర్తరి ప్రయోగమే: మేము సాధించాము, మేము అధిగమించాము, మేము ప్రవేశించాము. లాభాలకు కర్త ఉంటాడు, లోపాలకు ఉండడు. ఈ గద్యం మొత్తంలో ధైర్యంగా ముందుకొచ్చిన కర్త ‘యాజమాన్యము’ ఒక్కటే, అదీ చివరి వాక్యంలో. ఏం చేసింది? ‘కట్టుబడియున్నది’. అందులోనూ ఒక ‘బడు’ దూరింది. ఎవరు కట్టారో, దేనితో కట్టారో తెలియదు.

అవి విధానపరమైనవే

ఈ రెండు మాటలకు విడిగా ఒక ప్రకరణం కావాలి. ఈ గద్యం అసలు రంగు బయటపడేది ఇక్కడే.

‘విధానపరమైనవే’ అన్న మాట 483లో ఉండదు. అందులో ఫలానా గదిలో ఫలానా యంత్రం, ఫలానా రోజున ఫలానా నమోదు, ఇలా ఉంటుంది. వరుస కూడా ప్రాముఖ్యాన్ని బట్టి. దానికి ‘విధానపరం’ అనే విశేషణం తగిలించింది కంపెనీ. అంటే ఇంతసేపూ మనం మూలమనుకొన్నది మూలం కాదు. మూలం ఆ ఫారం. ఇది దానికి కంపెనీ రాసుకొన్న వ్యాఖ్య. మేము పార్కులో చేసేది వ్యాఖ్య మీద వ్యాఖ్య. కొల్చారం సూరి ఏ విషం గురించి చెప్పాడో ఆ విషం.

పోనీ అసలు మూలం అలభ్యమా, తాళపత్రాల్లో చెదపట్టిపోయిందా అంటే, కాదు. హెచ్చరిక లేఖలను ఎఫ్‌డీఏ అందరికీ కనిపించేలా పెడుతుంది. 483లు కూడా చాలానే బయటికి వస్తాయి. అక్కడక్కడ నల్లటి గడులుంటాయి, వ్యాపార రహస్యాలని మూసినవి. వాటిని గ్రంథపాతాలనుకొని దాటుకుంటూ చదివితే మిగతాది చక్కని వచనం. కర్మణి ప్రయోగం తక్కువ. వాళూజ్‌లోని వోకార్డ్ ఫ్యాక్టరీకి 2013లో పంపిన హెచ్చరిక లేఖ చదవండి. సగానికి చింపిన బ్యాచి రికార్డులు, వాటిని దాచిపెట్టే ప్రయత్నాలు, అన్నీ కథలా ఉంటాయి. సస్పెన్సు నవలలు రాసేవాళ్లు మనకు తగ్గిపోయారని బాధపడేవారు ఆ సాహిత్యాన్ని ఒకసారి తిరగెయ్యాలి.

ఇంత సులభంగా దొరికేదాన్ని మా సభలో ఒక్కరూ చదవలేదు. ఐడీపీఎల్ పెద్దాయన మాత్రం ప్రతిసారీ అడుగుతారు. “ఆ కాగితంలో ఏం రాశారో చూశారా?” మేనేజరు గారు, “విధానపరమైనవే అంటున్నారు కదండీ” అంటారు. పెద్దాయన మళ్లీ వేరుసెనక్కాయలు ఒలుచుకుంటారు.

ఆయన నాకు ఒకరోజు విడిగా చెప్పిన విషయం ఈ ప్రకరణానికి ఆయువుపట్టు. మన తార్కికులకు స్థాలీపులాక న్యాయం అని ఉంది. కుండలో అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. మందుల పరిశ్రమ మొత్తం ఈ న్యాయం మీదే నిలిచింది. లక్షల మాత్రల బ్యాచిలోంచి కొన్ని తీసి ప్రయోగశాలలో పరీక్షిస్తారు. అవి నెగ్గితే బ్యాచి నెగ్గినట్టు. కానీ న్యాయానికి ఒక షరతుంది, తర్కగ్రంథాల్లో ఎవరూ రాయలేదు, వంటింట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు కనుక. పట్టి చూసిన మెతుకు పలుకుగా తగిలితే దాన్ని పారేసి ఇంకో మెతుకు పట్టకూడదు. అదీ పలుకైతే ఇంకొకటి, మెత్తగా నలిగేది దొరికేదాకా పట్టి, ఆ చివరి మెతుకును మాత్రమే విస్తట్లో చూపించకూడదు. అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసులో 1993లో జడ్జి వోలిన్ సారాంశంగా తేల్చింది ఇదే. తప్పిన పరీక్షకు కారణం వెతకాలి, నెగ్గేదాకా పరీక్షలు చేస్తూ పోవడం పరీక్ష కాదు. మన దేశపు ఫ్యాక్టరీలకు వచ్చిన హెచ్చరిక లేఖల్లో పదేపదే కనిపించేదీ ఇదే. యంత్రంలో ముందుగా ‘ట్రయల్’ అని ఒకసారి నడపడం, ఫలితం బాగాలేకపోతే ఆ ఫైలును తుడిచెయ్యడం, బాగున్నదాన్ని అసలు పరీక్షగా నమోదు చెయ్యడం.

“అది విధానమేనండీ,” అన్నారు పెద్దాయన, “విధానపరం అనడంలో అబద్ధమేమీ లేదు.”

పూర్వపక్ష సిద్ధాంతాలు

‘నిర్ణీత గడువులో సమగ్రముగా స్పందింపగలము’ స్పష్టం.

‘సమీప కాలమున ఒడుదొడుకులు’: సమీప కాలం ఎంత దూరమన్నది కాలతత్త్వం తెలిసినవారు చెప్పాలి. మా కంపెనీ గద్యంలో అది వరసగా ఎన్ని నివేదికల్లో వచ్చిందో లెక్కపెట్టడం మానేశాను. ఒడుదొడుకుల్లో రెండు దిక్కులుండాలి. మాకు ఒకటే దక్కింది. కారణాలు లేకపోలేదు. అమెరికాలో జనరిక్ మందులు కొనే బేరగాళ్లు కలిసిపోయి మూడు పెద్ద కూటములయ్యారు, అమ్మేవాళ్లు వందలు. మన ఫ్యాక్టరీలు ఒకదానితో ఒకటి పోటీపడి ధర దించుకొంటాయి, కొనేవాడు తీరిగ్గా చూస్తూంటాడు. ఇంత సూటిగా ఒక వాక్యంలో చెప్పేదానికి కంపెనీ ‘స్థూల ఆర్థిక ప్రతికూల పవనాలు’ అంటుంది. ప్రతికూల పవనం ఎటునుంచి వీచిందో చెప్పదు.

‘వాటాదారులకు దీర్ఘకాలిక విలువ’ దగ్గర సభ రెండు మతాలుగా చీలిపోతుంది. మొదటిది మా మేనల్లుడి మతం. దాని మూలసూత్రం: అమ్మితేనే నష్టం. పైకి తేలిగ్గా కనిపించినా ఇది శుద్ధ అద్వైతం. శంకరుల సంప్రదాయంలో సత్త మూడు రకాలు. తాడులో పాము ప్రాతిభాసికం, రోజువారీ లోకం వ్యావహారికం, ఎన్నటికీ బాధితం కానిది పారమార్థికం. డీమ్యాట్ ఖాతాలో ఎర్రగా కనిపించే సంఖ్య, మేనల్లుడి దృష్టిలో, తాడులో పాము. దీపం వస్తే పోతుంది. అమ్మినప్పుడు వచ్చేది వ్యావహారిక నష్టం. మరి పారమార్థికం? దాన్నీ కనుక్కొన్నాను. ఆదాయపు పన్ను రిటర్నులో చూపిన మూలధన నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు మోసుకుపోవచ్చు. సంచితకర్మలాగా వెంట వచ్చేది అదొక్కటే.

రెండోది మేనేజరు గారిది, త్యాగమతం. అమ్మేసి తప్పుకొమ్మంటారు. తాను మాత్రం అమ్మరు. ఆచార్యులకు ఆచరణ నియమం లేదు.

వాదం ఇలా సాగుతుంది. “మామయ్యా, దివీస్‌ను చూడండి. విశాఖ యూనిట్‌కు 2017 మార్చిలో దిగుమతుల అడ్డు పడింది, షేరు ఒక్కసారిగా పడిపోయింది, అదే ఏడాది చివరికల్లా అడ్డు తొలగింది. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లిందో చూశారుగా?” ఇది నిజమే. పంచావయవ వాక్యంలోని మొదటి మూడు అవయవాలుగా పేర్చితే: మన కంపెనీ షేరు లేస్తుంది (ప్రతిజ్ఞ), దానికి ఎఫ్‌డీఏ దెబ్బ తగిలింది కనుక (హేతువు), దివీస్‌లాగా (ఉదాహరణ). కొండ మీద పొగ చూసి నిప్పును ఊహించే తార్కికుడు ఇది వింటే దండం పెట్టి వెళ్లిపోతాడు. దెబ్బ తగలడం లేవడానికి హేతువైతే, ర్యాన్‌బాక్సీ ఆకాశంలో ఉండాలి. 2008లో దేవాస్, పావంటా సాహిబ్ ఫ్యాక్టరీల నుంచి ముప్ఫై మందులను అమెరికా ఆపింది. 2013లో కంపెనీ నేరం ఒప్పుకొని 50 కోట్ల డాలర్లు కట్టింది. దీన్ని సవ్యభిచార హేత్వాభాసం అంటారు. హేతువు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. సాధ్యం ఒకచోటే ఉంది. దివీస్ లేచింది దెబ్బ తగిలినందుకు కాదు. అప్పు దాదాపు లేదు, తయారీలో పట్టుంది, దిద్దుకోవలసింది వెంటనే దిద్దుకొంది. మా కంపెనీకి ఆ మూడింటిలో ఎన్నున్నాయని నేనడిగితే, మేనల్లుడు ఫోనులో ఏదో చూసుకొన్నాడు.

ర్యాన్‌బాక్సీ పేరు వచ్చింది కనుక ఇంకొక్క మాట. వ్యవస్థాపకుల కుటుంబం తమ వాటాను జపాన్ కంపెనీ దైచీ సాంక్యోకు 2008లో షేరుకు 737 రూపాయల లెక్కన అమ్ముకొంది. 2014లో సన్ ఫార్మాతో కలపడానికి ఒప్పందం కుదిరినప్పుడు ఆ షేరుకు కట్టిన విలువ 457. విషయాలు దాచారని దైచీ మధ్యవర్తుల ముందుకు వెళ్తే 2016లో సింగపూర్‌లో తీర్పు దానికే అనుకూలంగా వచ్చింది. నడిపేవాడికి తెలిసి, కొన్నవాడికి తెలియనిది ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అంతటి జపాన్ కంపెనీకే తెలియనప్పుడు, గొంతులో కన్విక్షన్ విని మనం ఏం కనిపెడతాం?

యాజమాన్యము

యజ్ఞంలో యజమాని దక్షిణ ఇస్తాడు, ఋత్విక్కులు పుచ్చుకొంటారు. కంపెనీ చట్టంలో ఇది తిరగబడింది. డబ్బు పెట్టి దర్భాసనం మీద కూర్చొన్నది వాటాదారు, దక్షిణ పుచ్చుకొనేది యాజమాన్యం. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్లందరికీ, మేనేజరుకూ కలిపి ఇచ్చే ప్రతిఫలం నికర లాభంలో 11 శాతం దాటకూడదు. మంచి నియమం. మరి లాభమే లేకపోతే? అప్పుడు షెడ్యూల్ ఐదు, ప్రత్యేక తీర్మానం. వ్యతిరేకించిన ఓట్లకు మూడింతలు అనుకూలంగా పడాలి. ప్రమోటర్ల చేతిలోనే సగానికి పైగా షేర్లున్నచోట, మిగిలినవారిలో ఓటు వేసేవారే తక్కువైనచోట, ఆ మూడింతలు కష్టం కాదు. మా కంపెనీ డివిడెండు ఎత్తేసిన ఏడాదే ‘లాభాలు చాలని సందర్భంలో కనీస ప్రతిఫలం’ అనే తీర్మానం నెగ్గింది. అదే నోటీసులో ఫ్యాక్టరీ మరమ్మతులకు, అమెరికా సలహాదారులకు పెట్టిన ఖర్చును ‘అసాధారణ అంశం’ అన్నారు. ఏటా వచ్చే అసాధారణం. సంవత్సరీకాన్ని కూడా అలాగే అనవచ్చు.

వ్యాఖ్యాత కోపగించుకోకూడదు. మల్లినాథుడు ఎక్కడా కోపగించుకోలేదు. ఆయనకు షేర్లు లేవు.

తాత్పర్యం

సుగమం.

అనుక్తములు

మూలంలో లేనిది రాయనని అన్నాను. ఇక్కడ తప్పుతున్నాను, ఎందుకంటే మూలంలో లేనివే ఇందులో ముఖ్యం. మందుల కంపెనీ గద్యంలో మందు లేదు. రోగి లేడు. మా సభలోనూ ఎప్పుడూ రాలేదు. అంత మంది పెద్దలు, వాళ్లలో సగంమంది రోజూ బీపీ మాత్ర వేసుకొనేవాళ్లే, ఆ ఫ్యాక్టరీలో పరీక్ష తప్పిన మాత్ర ఎవరి గొంతులోకి దిగిందని అడిగినవారు లేరు.

2022 చివర్లో గుజరాత్‌లోని సాణంద్‌లో ఇంటాస్ ఫ్యాక్టరీని ఎఫ్‌డీఏ తనిఖీ చేసింది. చింపిన కాగితాలు కుక్కిన సంచులు, ఒక ఉద్యోగి చెత్తబుట్టలోని కాగితాల మీద ఆసిడ్ పొయ్యడం, ఇవన్నీ ఆ 483లో ఉన్నాయి. అక్కడ తయారీ ఆగింది. అమెరికా వాడే క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌లో పెద్ద భాగం ఆ ఒక్క చోటు నుంచే పోయేది. 2023లో అక్కడి క్యాన్సర్ ఆస్పత్రులు ఉన్న మందును ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చుకోవలసి వచ్చింది. దొంగ లెక్క రాస్తే రోగికి ప్రమాదం, పట్టుకొని ఆపితే రోగికి కరువు. ఇంత పెద్ద విషయం మా పార్కులో చర్చకు రాలేదు. ఇంటాస్‌కు స్టాక్ మార్కెట్టులో షేరు లేదు మరి.

నీరు కూడా గద్యంలో లేదు. పటాన్‌చెరులోని ఉమ్మడి ప్లాంటు సుమారు 90 మందుల యూనిట్ల వ్యర్థజలాన్ని శుద్ధి చేసేది. అందులోంచి శుద్ధయి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే గరిష్ఠ మోతాదు కన్నా అది ఎక్కువ. శుద్ధి కానిది కాదు, శుద్ధయినది. మన వాగులకు చీటీ లేకుండానే యాంటీబయాటిక్ కోర్సు నడిచింది. ఏ మూడు నెలల నివేదికలోనైనా అక్కడి నక్కవాగు పేరు చూశారా?

కార్మికుడు లేడు. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి నలభై మందికి పైగా చనిపోయారు. పోయినవారి సంఖ్య తేలడానికి రోజులు పట్టింది. షేరు ఎంత పడిందో మాత్రం ఆ పూటే తేలిపోయింది.

ఇక వార్షిక సర్వసభ్య సమావేశం. ఇప్పుడది వీడియోలో జరుగుతుంది. మాట్లాడదలచినవారు ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఈసారి ఎవరికీ చెప్పకుండా ఐడీపీఎల్ పెద్దాయన నమోదు చేసుకొన్నారు. ఆయనకు ముందు మాట్లాడిన నలుగురూ ఛైర్మన్ గారి దూరదృష్టిని, కంపెనీ సెక్రటరీ గారి సౌమ్యతను పొగిడారు. పూర్వం ఆస్థానాల్లో దీనికి అగ్రహారాలిచ్చేవారు. పెద్దాయన వంతు వచ్చింది. మైకు తెరుచుకోవడానికి కొంత సమయం పట్టింది. “నమస్కారమండీ. పరీక్ష తప్పిన బ్యాచిలు ఏవి? అవి ఎక్కడికి పంపారు? మన ఊళ్లోనూ అమ్మారా? వెనక్కి తెప్పించారా?” అని అడిగారు. ఇంకేదో అడగబోతుండగా మైకు మూతపడింది.

“మీ విలువైన సూచనను నమోదు చేసుకొన్నాము,” అన్నారు కంపెనీ సెక్రటరీ. తర్వాతి వక్త, వార్షిక నివేదిక అట్ట మీద వేసిన ఆకుపచ్చ రంగు కిందటేటి కన్నా చాలా బాగుందన్నారు. దానికి ఛైర్మన్ గారు స్వయంగా జవాబు చెప్పారు.